సరంగు స్థానం

విశాఖపట్నం చేపల రేవులో మర పడవ మీద వేటకు వెళ్ళేవారిని రెండు మాటలతో వేరు చేసి చెబుతారు: సరంగు, కళాసీలు. వల దింపేదీ, లాగేదీ, పడిన చేపను ఏరి ఐసులో పెట్టేదీ కళాసీలు. పడవ ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో, వల ఏ వేళకు నీళ్ళలో పడాలో చెప్పేవాడు సరంగు. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరని మా ఇంటికి వచ్చినవారు అడిగితే నేను ఈ పోలికే చెబుతాను. మైదానంలో జట్టుకు పదకొండు మంది ఉంటారు. దాడి చేసే జట్టులో దాదాపు ప్రతిసారీ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. ఎదుటివారు ఎలా నిలబడ్డారో చూసి, అవసరమైతే అనుకున్న ఎత్తును అక్కడికక్కడే మార్చి, తన మీదికి దూకే మనుషులు చేరేలోపు, అంటే రెండు మూడు సెకన్లలో, బంతి ఎవరికి విసరాలో తేల్చుకోవలసినవాడు అతడే. మిగిలిన స్థానాల్లో ఒకరు పరుగెత్తి బంతిని అందుకుంటారు, ఒకరు అందుకోనివ్వకుండా వెంటపడతారు, కొందరు గోడలా నిలబడి తోస్తారు. వారి పని సులువని నేను అనను. అయితే ఆటలో తల ఎవరిది, ఒళ్ళు ఎవరిది అనే విభజన చూసేవారి మనసులో ముందే జరిగిపోయి ఉంటుంది.

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఈ ఊళ్ళోనే ఒక హైస్కూలులో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పని చేశాను. పిల్లల భాషలో డ్రిల్లు మాస్టారిని. పదవీ విరమణ తర్వాత 2019లో నేనూ మా ఆవిడా మా అబ్బాయి దగ్గర, బాల్టిమోర్ నగరానికి సమీపంలో, ఆరు నెలలు ఉన్నాము. అక్కడ ఆదివారం వచ్చిందంటే ఊరంతా ఊదారంగు చొక్కాల్లో కనబడుతుంది, ఎందుకంటే అది రేవన్స్ జట్టు ఊరు. మొదటి రెండు వారాలు ఆ ఆట నాకు నచ్చలేదు. నాలుగు సెకన్లు కొట్లాట, నలభై సెకన్లు విరామం, మధ్యలో ప్రకటనలు. అయితే వృత్తి అలవాటు ఊరుకోనివ్వదు కదా, ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో, ఎందుకు నిలబడుతున్నారో గమనించడం మొదలుపెట్టాను. మూడో వారానికి టీవీ ముందు మా అబ్బాయికంటే ముందు నేనే కూర్చునేవాణ్ణి.

ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్. కాలేజీ ఆటగాళ్ళలో ఉత్తముడికిచ్చే హైస్మన్ ట్రోఫీని 2016లో గెలిచినవాడు. అయినా 2018లో వృత్తి జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే రోజున మొదటి రౌండు చిట్టచివర, 32వ స్థానంలో గాని అతని పేరు పిలవలేదు. అతనికంటే ముందు నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారు, నలుగురూ శ్వేతజాతీయులే. అంతకు కొద్ది నెలల ముందు బిల్ పోలియన్ అనే పేరున్న మాజీ జనరల్ మేనేజర్, జట్లను కట్టడంలో ఎంతో అనుభవం ఉన్నవాడు, ఈ కుర్రవాడు రిసీవర్‌గా, అంటే పరుగెత్తి బంతిని అందుకునేవాడిగా మారితే మంచిదని టీవీలో సలహా ఇచ్చాడు. వేగముంది, చురుకుంది, బంతి విసరడం వదిలేసి అందుకోవడం నేర్చుకో అని దాని సారాంశం. జాక్సన్ మారలేదు. వేగం చూపిస్తే ఆ వేగాన్నే సాక్ష్యంగా చూపి తనను రిసీవర్ల వరుసలోకి తోస్తారని కాబోలు, ఎంపికకు ముందు జరిగే నలభై గజాల పరుగు పరీక్షలో పాల్గొననే లేదు. మేము అక్కడున్న ఆ సీజనులో అతడు 36 టచ్‌డౌన్ పాసులు, అంటే అందుకున్నవాడు ఎదుటివారి గీత దాటి పాయింట్లు తెచ్చే విసుర్లు, వేసి వృత్తి జట్ల లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటివాడిగా నిలిచాడు, 1,206 గజాలు పరుగెత్తి క్వార్టర్‌బ్యాక్‌ల పరుగుల రికార్డును కూడా తుడిచిపెట్టాడు. ఉత్తమ ఆటగాడి పురస్కారానికి ఓటు వేసిన యాభై మందీ అతనికే వేశారు. పోలియన్ తన అంచనా తప్పని బహిరంగంగానే ఒప్పుకున్నాడు, అది అతని పెద్దమనిషితనం.

ఈ కథ మా అబ్బాయి మొదటిసారి చెప్పినప్పుడు నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ సలహాలో తప్పేమిటో ఆ క్షణాన నాకు తోచలేదు. వేగంగా పరుగెత్తేవాణ్ణి పరుగెత్తే చోట పెట్టాలని చెప్పడం ఏ డ్రిల్లు మాస్టారైనా చేసే పనే. అందులో తిట్టు లేదు, ఉన్నదంతా పొగడ్తే. “నాన్నా, అదే తెల్లవాడైతే నీ కాళ్ళు బాగున్నాయి, అదనంగా ఉపయోగపడతాయి అంటారు. నల్లవాడైతే నీ కాళ్ళు బాగున్నాయి, చేతులతో పని మానేయ్ అంటారు” అన్నాడు మా అబ్బాయి. నేను జవాబు చెప్పకుండా లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళాను. ఆ తర్వాత చాలా నెలలు ఈ ఆట చరిత్రను చదివించింది ఆ మాటే.

చదివినవాటిలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచిన మనిషి మార్లిన్ బ్రిస్కో. ఒమాహా విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన ఈ అయిదడుగుల పది అంగుళాల మనిషిని 1968లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు పద్నాలుగో రౌండులో తీసుకుంది, అదీ కార్నర్‌బ్యాక్‌గా, అంటే ఎదుటి రిసీవరు వెంట పరుగెత్తి అడ్డుకునేవాడిగా. అతడు సంతకం పెట్టే ముందు ఒక షరతు పెట్టాడు: క్వార్టర్‌బ్యాక్‌గా నన్ను మూడు రోజులు పరీక్షించాలి. మూడు రోజులూ అయ్యాక అతణ్ణి కార్నర్‌బ్యాక్‌ల గుంపులోకే పంపారు. సీజను మొదలై అసలు క్వార్టర్‌బ్యాక్ గాయపడి, మారుగా దిగినవాడు తడబడ్డాక తప్పనిసరై బ్రిస్కోను దింపారు. అలా ఆధునిక కాలపు వృత్తి ఫుట్‌బాల్‌లో ఆట ఆరంభం నుంచి ఆ స్థానంలో నిలబడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతడయ్యాడు. ఆ కొద్ది ఆటల్లోనే 14 టచ్‌డౌన్ పాసులు వేశాడు. మరుసటి ఏడాది ఆ స్థానానికి పోటీ పడే అవకాశం కూడా ఇవ్వకపోవడంతో ఆ జట్టును విడిచాడు. బఫెలో జట్టు అతణ్ణి తీసుకుని రిసీవర్‌ని చేసింది. అంతకుముందు ఎన్నడూ ఆడని ఆ పని నేర్చుకుని, ఏడాది తిరిగేసరికి 1,000 గజాలకు పైగా అందుకుని మేటి ఆటగాళ్ళ ప్రదర్శన ఆటకు ఎంపికయ్యాడు. 1972లో ఒక్క ఆట కూడా ఓడకుండా సీజను ముగించిన మయామీ జట్టులోనూ అతడున్నాడు. ఈ విజయ గాథను చాలామంది సంతోషంగా చెబుతారు. నాకు మాత్రం అందులో ఒక చేదు తర్కం కనబడింది: అతడు రిసీవర్‌గా ఎంత బాగా ఆడితే, అతణ్ణి క్వార్టర్‌బ్యాక్ స్థానం నుంచి తీసేసినవారి మాట అంత నిజమైనట్లు కనబడింది.

బ్రిస్కోకు ముందు 1953లో చికాగో బేర్స్ తరఫున విల్లీ త్రోవర్ ఆ స్థానంలో కొద్దిసేపు ఆడాడు. అంతకుముందు 1934 నుంచి 1945 వరకు లీగులో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. రాసిన నిబంధన ఏదీ లేకుండానే అంత కాలం తలుపు మూసి ఉంచారు. తలుపు తెరిచాక కూడా లోపల ఏ గదిలో కూర్చోవాలో మాత్రం గీత గీసి ఉంచారు. వారెన్ మూన్ 1978 జనవరిలో రోజ్ బౌల్ ఆటలో తన కాలేజీని గెలిపించి ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ ఏడాది పన్నెండు రౌండ్ల ఎంపికలో ఒక్క జట్టు కూడా అతని పేరు పిలవలేదు. స్థానం మార్చుకుంటే చోటు దొరికేది, అతడు మార్చుకోలేదు. కెనడాకు వెళ్ళి, ఎడ్మంటన్ జట్టుతో వరుసగా అయిదేళ్ళు అక్కడి గ్రే కప్ గెలిచి, 1984లో హ్యూస్టన్ జట్టుకు ఆడటానికి తిరిగి వచ్చాడు. 2006లో ఈ ఆటలో మేటివారిని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతడే. అయినా కెనడాలో గడిచిన ఆ ఆరేళ్ళు అతని ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్కల్లో ఎక్కడా కనిపించవు.

ఈ గీతకు సమాజ శాస్త్రంలో ఒక పేరుంది. జాన్ లాయ్, జోసెఫ్ మెక్‌ఎల్వోగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో బేస్‌బాల్, ఫుట్‌బాల్ జట్లలో ఎవరు ఎక్కడ ఆడుతున్నారో లెక్కగట్టి చూశారు. మైదానం నడిమధ్యలో ఉండి, అందరితో మాట్లాడుతూ, నిర్ణయాలు చేసే స్థానాల్లో శ్వేతజాతీయులు, అంచుల్లో ఉండి పరుగెత్తే స్థానాల్లో నల్లజాతీయులు కిక్కిరిసి ఉన్నట్లు తేలింది. దీనిని ‘స్టాకింగ్’ అన్నారు, బస్తాలు ఒకచోట పేర్చినట్లు ఒక జాతివారిని ఒక స్థానంలో పేర్చడమన్నమాట. దీనివల్ల ఇంకొకటి కూడా జరుగుతుంది: ఒక స్థానంలో పేర్చినవారు తమలో తామే పోటీ పడాలి గాని పక్క స్థానంవారితో పోటీ పడే వీలుండదు. ఇదంతా వృత్తి జట్ల దగ్గర మొదలయ్యేది కాదు. పద్నాలుగేళ్ళ కుర్రవాడు స్కూలు మైదానంలోకి దిగిన మొదటి రోజున కోచ్ అతణ్ణి పై నుంచి కిందికి ఒకసారి చూసి, నువ్వు అటు వెళ్ళు అంటాడు. పదేళ్ళ తర్వాత పెద్ద జట్టు మేనేజరు, ఈ స్థానానికి నల్లజాతి కుర్రవాళ్ళు రావడమే లేదండీ అని చేతులెత్తేస్తాడు. అబద్ధం కూడా కాదు, అతని దాకా నిజంగానే రారు. ఆ మొదటి రోజు చూపు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, దాని సంగతి తర్వాత చెబుతాను.

వాషింగ్టన్ జట్టు చరిత్ర ఇందులో ఒక విచిత్రం. జట్టులోకి నల్లజాతి ఆటగాళ్ళను అందరికంటే ఆఖరున, 1962లో తీసుకున్నది ఆ జట్టే. అదీ మనసు మారి కాదు, స్టేడియం కేంద్ర ప్రభుత్వ స్థలంలో ఉంది కనుక కెనడీ ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టడం వల్ల. అదే జట్టుకు 1988 జనవరి 31న సూపర్ బౌల్, అంటే లీగు విజేతను తేల్చే చివరి ఆట, గెలిచిపెట్టింది నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్. అంతకుముందు టాంపా బే జట్టులో, ఇతర జట్ల మారు ఆటగాళ్ళలో కొందరికిచ్చే జీతం కూడా ఇవ్వని స్థితిలో అతడు ఆ జట్టునే వదిలి వెళ్ళవలసి వచ్చింది. ఆ రోజు మొదటి పావు భాగంలో మోకాలు మెలితిరిగి బయటకు వెళ్ళి, మళ్ళీ వచ్చి, రెండో పావు భాగం ఒక్కదానిలోనే నాలుగు టచ్‌డౌన్ పాసులు వేశాడు. ఆ పదిహేను నిమిషాల ఆట సమయంలో వాషింగ్టన్ 35 పాయింట్లు చేసింది, చివరకు 42-10తో గెలిచింది. ఇక నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ పెద్ద ఆటలో నెగ్గలేడని ఎవరూ అనకూడదు. అయినా ఇంకో ముప్ఫై ఏళ్ళకు జాక్సన్‌కు అదే సలహా వచ్చింది. ఒక్క ఉదాహరణ పాత నమ్మకాన్ని చెరపదు, మినహాయింపు అనే పేరుతో పక్కన కూర్చుంటుంది.

మైదానంలో ఈ గీత ఎలా ఉన్నా, అది మైదానం దాటి వెళ్ళిన చోటు ఒకటుంది. తలకు తగిలిన దెబ్బల వల్ల మతిమరుపు, చిత్తవైకల్యం వచ్చిన మాజీ ఆటగాళ్ళకు లీగు సుమారు 100 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ పరిహారం కోసం జరిపే పరీక్షల్లో, ఆటగాడి బుద్ధి ఎంత దెబ్బతిన్నదో కొలవడానికి ముందు అది ఎక్కడ మొదలైందో అంచనా వేయాలి గదా. నల్లజాతి వారికి ఆ మొదలును తక్కువ స్థాయిలో వేశారు. అంటే ఇద్దరికీ ఒకే మార్కులు వచ్చినా శ్వేతజాతీయుడికి జబ్బు ఉన్నట్లు, నల్లజాతీయుడికి లేనట్లు తేలే అవకాశం ఉంది. 2020లో ఇద్దరు మాజీ ఆటగాళ్ళు కోర్టుకెక్కాక, 2021లో లీగు ఈ పద్ధతిని మానుకుంటామని ప్రకటించింది, 2022లో న్యాయస్థానం ఆ మార్పును ఆమోదించింది. ఇరవయ్యేళ్ళ వయసులో నీకు తల పని వద్దు, ఒళ్ళు పని చెయ్యి అన్నారు. ఆ పనిలో తల పగిలి వచ్చి అడిగితే, నీకు అక్కడ పెద్దగా ఉన్నదేమిటి పోవడానికి అన్నారు. ఆ నివేదికలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇదే మూస ఎదురు దిక్కున కూడా పని చేస్తుంది, కాకపోతే అంత కీడు చేయదు. కార్నర్‌బ్యాక్ స్థానంలో తెల్లవాడు కనబడటం అరుదు. 1990లలో న్యూయార్క్ జయంట్స్ జట్టులో జేసన్ సీహార్న్ ఆ స్థానంలో పేరు తెచ్చుకున్నాక, మళ్ళీ అంతగా మాట్లాడుకున్నది కూపర్ డిజీన్ గురించే. అతడు 2025 ఫిబ్రవరి 9న, తన ఇరవై రెండో పుట్టినరోజున, సూపర్ బౌల్‌లో పాట్రిక్ మహోమ్స్ వేసిన బంతిని మధ్యలో అందుకుని టచ్‌డౌన్ చేశాడు. మన లెక్కలో అది సోమవారం తెల్లవారుజాము. బీచ్ రోడ్డు మీద నడకకు వెళ్ళే మా మిత్రులు కింది నుంచి పిలుస్తుంటే నేను బాల్కనీలోకి వచ్చి ఈ రోజు రానని చేయి ఊపాను. ఆ ఆటలో రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లూ, మహోమ్స్, జేలెన్ హర్ట్స్, నల్లజాతివారే. 2023 సూపర్ బౌల్‌లో వీరిద్దరే మొదటిసారి తలపడినప్పుడు అది చరిత్ర అన్నారు, రెండోసారికి ఆ మాట ఎత్తినవారు తక్కువ.

ఇదంతా అమెరికా వారి రోగమని తోసెయ్యడానికి మనకు హక్కు లేదు. పాల్వంకర్ బాలూ అనే దళిత క్రికెట్ బౌలరు వందేళ్ళకు పైగా కిందట పూనా క్లబ్బులో దొరలకు గంటల తరబడి బంతులు వేసేవాడు. బంతి వేయడం అతని వంతు, బ్యాటు పట్టడం వారి వంతు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీసిన మనిషి, మతాల వారీగా జట్లు కట్టి ఆడే ఆనాటి బొంబాయి పోటీల్లో హిందువుల జట్టుకు నాయకుడు మాత్రం కాలేదు. ఆ గౌరవం 1923లో అతని తమ్ముడు విఠల్‌కు గాని దక్కలేదు.

ఇక నా సంగతి. మా స్కూలుకు పెద జాలారిపేట నుంచి మత్స్యకారుల పిల్లలు చాలామంది వచ్చేవారు. చిన్నప్పటి నుంచి ఒడ్డున వల లాగే చేతులు, ఇసుకలో పరుగెత్తే కాళ్ళు వారివి. జూన్‌లో కొత్త పిల్లలు రాగానే నేను వరుసగా నిలబెట్టి చూసేవాణ్ణి. భుజాలు వెడల్పుగా ఉంటే తాడు లాగుడు పోటీకి, ఎగరగలిగితే వాలీబాల్‌లో షూటర్‌గా. లిఫ్టర్ స్థానం, అంటే జట్టు తరఫున రెండోసారి బంతిని తాకి ఎవరికి ఎత్తాలో నిర్ణయించే పని, మాత్రం చదువులో ముందుండే పిల్లలకు, ఎక్కువగా ఉద్యోగుల ఇళ్ళ పిల్లలకు ఇచ్చేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: జాలారిపేట పిల్లల్లాంటి దేహం మిగతావారికి లేదు, దాన్ని లిఫ్టింగులో వృథా చేయకూడదు. ఆ మాట వాళ్ళ ముందే, మెచ్చుకోలుగా, వీపు తట్టి చెప్పేవాణ్ణి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో పేట నుంచి వచ్చిన పిల్లవాణ్ణి లిఫ్టర్‌గా నిలబెట్టిన సందర్భం ఒక్కటి కూడా నాకు గుర్తుకు రావడం లేదు. కెప్టెన్ బాడ్జి సంగతీ అంతే. ఎవరినీ తక్కువగా చూశానని నేను అనుకోలేదు. వాళ్ళ వల్లే జిల్లా పోటీల్లో మా స్కూలు గెలిచిందని ఇప్పటికీ నలుగురికీ చెబుతుంటాను.

మొన్న మే నెలలో, వేట నిషేధం నడుస్తున్న రోజుల్లో, రేవు వైపు వెళ్ళినప్పుడు ఒక పాత విద్యార్థి కనబడ్డాడు. తాడు లాగుడులో అందరికీ వెనుక, తాడు చివరను నడుముకు చుట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు ఒక బోటుకు సరంగు, అతని కింద ఏడుగురు కళాసీలు. నీళ్ళ రంగు మారడాన్ని బట్టి, పక్షులు వాలే చోటును బట్టి, నీటి వడి ఎటు లాగుతోందో చూసి వల దింపిస్తాడని పక్కనున్న కుర్రవాడు గొప్పగా చెప్పాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు బోట్లు కదలవు కనుక తీరిగ్గా కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. మాటల్లో, ఎలాగో ధైర్యం చేసి, నిన్ను ఎప్పుడైనా లిఫ్టింగు చెయ్యనిచ్చానా అని అడిగాను. నవ్వి, “ఒక్క పాలి కూడా నేదు మాస్టారూ. నాకు దాని మీదే ఇష్టం ఉండేదండి. అడగడానికి బయమేసీది” అన్నాడు. సూది ఆపలేదు.

ఏం చెప్పాలో తెలియక ఫోను తీసి లమార్ జాక్సన్ ఆడిన ఒక ఆట ముక్క చూపించాను. ఆట నియమాలేవీ అతనికి తెలియవు. ఒకసారి చూసి, మళ్ళీ వెయ్యమన్నాడు. రెండోసారి ఫోనును తన చేతిలోకి తీసుకున్నాడు.

“ఈడు బంతి కేసి సూడ్డం నేదండి. ఎదరోళ్ళ కాళ్ళు ఎటు తిరుగుతున్నాయో సూత్తన్నాడు.”

ఇతణ్ణి ఈ పని మానేసి పరుగెత్తి బంతి పట్టుకొమ్మన్నారని, పెద్ద అనుభవజ్ఞుడే అన్నాడని చెప్పాను.

“మరి ఆయన ఇప్పుడేటంటన్నాడు?”

తప్పు చెప్పానని ఒప్పుకున్నాడన్నాను. అతడు తలూపి, ఫోను నాకిచ్చేసి, ముడి వేయవలసిన చోటును వేళ్ళతో వెతుక్కుంటూ, వల జారిపోతుంటే, “ఆ సివర కొంచెం పట్టుకోండి మాస్టారూ” అన్నాడు. నేను చెప్పులు విడిచి, ఇసుకలో కూర్చుని పట్టుకున్నాను.